తుప్పు పట్టని మూడు రేకులు

"పెట్టను నాన్నా. పొద్దున్నించీ అదే చెప్తున్నాను. సంతకం పెట్టను."

కూతురు ఆ మాట అనడం అది నాలుగోసారి. నాలుగుసార్లూ గొంతు పెంచలేదు. మేస్త్రీకి అదే ఎక్కువ మంటగా ఉంది. కేకలేసేవాళ్ళ మీద కేకలేయడం ఆయనకి ముప్ఫై ఏళ్ళ అలవాటు. మెల్లగా మాట్లాడేవాళ్ళని ఏం చేయాలో ఏ పడవ మీదా నేర్చుకోలేదు.

"రేకులు తూచింది ఎవరు? నువ్వు కాదూ? మామూలు ఉప్పునీళ్ళలో వేలాడిన మూడూ తుప్పు పట్టిపోయాయని, నా కలబంద రసం కలిపిన నీళ్ళలో వేలాడిన మూడూ చెక్కు చెదరలేదని రాసింది ఎవరు? నీ చేత్తోనే కదే రాశావు!"

"బరువు రాశాను. ఎందుకు చెక్కు చెదరలేదో నాకు తెలీదు. తెలీనిదాని కింద సంతకం పెట్టను."

"తెలీదా! కలబంద వల్ల!"

"అదే కాదంటున్నాను."

వంటింటి గుమ్మంలో మేస్త్రీ భార్య టీ కెటిల్ తోముతూ చెయ్యి ఆపింది. మళ్ళీ తోమింది. అవసరమైనదానికంటే గట్టిగా తోమింది.

పడవలు బాగుచేసే యార్డు గేటు ముందు ఇరవై ఏళ్ళుగా ఆమెది టీకొట్టు. వెల్డర్ల దగ్గర్నుంచి సూపరింటెండెంటు దాకా అందరికీ ఆమె పిన్ని. ఇంట్లో మాత్రం ఆమెకో పేరు అవసరమని ఎవరికీ తోచలేదు. "ఏమే" అంటే సరిపోతోంది.

"చూశావా అక్కా," అన్నాడు మేస్త్రీ గోడవార కూర్చున్న అప్పగారితో. "పడవల పొట్టలకి రంగు వేయించి, వేయించి, నా ఊపిరితిత్తులకీ ఒక కోటింగు పట్టింది. ఆ కూలీతో దీన్ని ల్యాబు చదువు చదివించాను. యార్డు ల్యాబులో ఉద్యోగమూ వచ్చింది. ఇవాళ ఆ ల్యాబు నాకే పాఠం చెప్తోంది."

"చదువుకున్నవాళ్ళకి సొంతవాళ్ళంటే చిన్నచూపురా," అంది అప్పగారు. "తల్లి పోలిక మరి. మా మరదలెప్పుడైనా నిన్నొక మనిషిలా చూసిందా?"

"మనిషిలా కనబడితే చూసేదాన్నే వదినా," అంది పిన్ని గుమ్మంలోంచి. "కలబంద మధ్యలో దూరి కూర్చుంటే కనబడటం కష్టంగా ఉంది."

అప్పగారు మూతి తిప్పింది. మేస్త్రీ వినలేదు. భార్య మాటలు వినబడకుండా చేసే కోటింగు కూడా ఆయన ఎప్పుడో వేయించుకున్నాడు.

"పదకొండింటికి సూపరింటెండెంటు గారు వస్తారు," అన్నాడు కూతురితో. "ఈ వారమంతా షెడ్డులో కాచిన నా మందు డ్రమ్ములు రెండూ ఇప్పటికే రేవుకి చేరాయి. టగ్గు పడవ అడుగున బరువుకని సముద్రపు నీళ్ళు నింపుతారే, నీ సంతకం పడగానే ఆ ట్యాంకులో పోస్తారు. తుప్పు పట్టకుండా ఇన్నాళ్ళూ పోసిన మందు విషం, ఆ నీళ్ళు వదిలితే చేపలు చస్తున్నాయని పైనుంచి ఆర్డరు వచ్చిందా లేదా? ఆకులూ అలములూ అని నన్ను చూసి నవ్వినవాళ్ళే, నిన్న నాకు కుర్చీ వేశారు. తెలుసా? కుర్చీ! ముప్ఫై ఏళ్ళలో ఆ ఆఫీసులో నేను కూర్చోలేదు."

ఆ కుర్చీ మాట దగ్గర ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. కూతురు చూపు దించుకుంది.

"అందుకే అడుగుతున్నాను నాన్నా. రేకులు వేలాడదీసిన ఆ డ్రమ్ములో కలబంద తప్ప ఇంకేం వేశావు?"

"ఏం వేస్తాను? నీ తలకాయ వేశాను!"

"నువ్వు చెప్పిన కొలత ప్రకారం ల్యాబులో నేనే కాచాను. కొత్త రేకులు వేలాడదీశాను. పది రోజులకి నురగ కట్టి, కుళ్ళి, ముక్కు మూసుకోవాల్సి వచ్చింది. రేకులకి తుప్పు పట్టింది. కొంచెం తక్కువ పట్టింది, అంతే. మరి నీ డ్రమ్ము అరవై రోజులు కుళ్ళలేదెందుకు?"

"చెయ్యి మంచిదవ్వాలి." మేస్త్రీ కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "పదకొండింటికి కాగితం పట్టుకుని రేవు దగ్గరుండు. లేదా, మా నాన్న అబద్ధాలకోరు అని అందరి ముందూ నీ నోటితోనే చెప్పు. రెండిట్లో ఏదైనా నీ ఇష్టం."

కర్ర పట్టుకుని, ఆపరేషనైన మోకాలు ఈడుస్తూ వెళ్ళిపోయాడు. గేటు దగ్గర కోసి పేర్చిన కలబంద మట్టల గుట్టని పోతూ పోతూ ప్రేమగా ఒకసారి తట్టాడు. వారం రోజులుగా ఎండకి ఆ గుట్ట మెత్తబడి అడుగున నీరు కారుతోంది.

పిన్ని ఆ తట్టడం చూసింది. పెళ్ళైన ముప్ఫై నాలుగేళ్ళలో తనని అంత ప్రేమగా ఎప్పుడు తట్టాడా అని ఆలోచించింది. ఎంత వెతికినా దొరకలేదు.

కూతురూ బ్యాగు తీసుకుని బయల్దేరింది. గుమ్మం దాటుతూ, "అమ్మా, నీకేమైనా తెలుసా?" అని అడిగింది.

"నాకేం తెలుస్తుందే? నేను టీ అమ్ముకునేదాన్ని."

అది అబద్ధం కాదు. నిజమూ కాదు.

*

కొట్టు తెరిచేముందు పొయ్యి దగ్గర కళ్ళు మూసుకుని దేవుడికి దండం పెట్టుకోవడం పిన్ని అలవాటు. రోజూ అడిగేదేమీ లేదు. ఇవాళ మాత్రం ఒకటి అడిగింది. స్వామీ, ఇనుముని పుట్టించావు, ఉప్పునీళ్ళని పుట్టించావు. రెండిటికీ పడదని నీకు తెలుసు. మరి రెండిటినీ పక్కపక్కన ఎందుకు పెట్టావు? అడుగుతుండగానే ఆ ప్రశ్న సముద్రం గురించి కాదని ఆమెకే తెలిసిపోయి, గబగబా పొయ్యి వెలిగించింది.

జరిగింది ఇంతే. రెండు నెలల కిందట పెరటి అరుగు మీద మేస్త్రీ రెండు డ్రమ్ములు పెట్టాడు. ఒకదాన్లో ఉత్త సముద్రపు నీళ్ళు, ఒకదాన్లో కలబంద రసం కలిపిన నీళ్ళు. నైలాను దారాలతో మూడేసి ఉక్కు రేకులు వేలాడదీసి, పూజగదిలా ఎవరూ ముట్టుకోకూడదన్నాడు. మర్నాడే మోకాలి ఆపరేషనుకి ఆసుపత్రిలో చేరి పన్నెండు రోజులు అక్కడే ఉన్నాడు.

తొమ్మిదో రోజుకి కలబంద డ్రమ్ము పొంగింది. నురగ అంచు దాటి అరుగు మీద పాకింది. ఆ కంపుకి పక్కింటివాళ్ళు గోడ మీంచి తొంగిచూసి, ఇంట్లో ఎవరైనా పోయారా అన్నట్టు మొహాలు పెట్టారు. అప్పగారైతే రెండు పూటలా తిని, తిన్నాక కంపుకి వాంతి వచ్చేట్టుందని అనేది.

పిన్ని డ్రమ్ము మొత్తం కాలవలో పారబోసింది. రేవుకెళ్ళి క్యాన్లతో సముద్రపు నీళ్ళు తెచ్చి నింపి, రేకులు మళ్ళీ అలాగే వేలాడదీసింది. మరి రంగు? మొగుడొచ్చి చూస్తే ఆ మడ్డి రంగుండాలిగా. కొట్లో డికాషను విడిగా కాస్తుంది, పాలు గ్లాసులోనే కలుపుతుంది. వడకట్టిన టీ పిప్పి ఒక బకెట్టులో పడుతుంది. ఆ పిప్పిని ఇంకోసారి మరిగించి, చిక్కటి నల్లనీళ్ళు డ్రమ్ములో కుమ్మరించింది. అదే రంగు. ఇంకా మంచి రంగు.

ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు మేస్త్రీ ముందు డ్రమ్ము దగ్గరికే వెళ్ళాడు. వంగి, గట్టిగా ఊపిరి పీల్చాడు. తలెత్తి ఒక్క క్షణం పెళ్ళాం వైపు చూశాడు. తర్వాత, "రంగు ముదిరింది. పని చేస్తోందన్నమాట," అన్నాడు.

ఆ రోజు ఆమెకి వచ్చిన నవ్వు ఇంతా అంతా కాదు. తన టీ నీళ్ళ ముందు నిలబడి శాస్త్రజ్ఞుడిలా గడ్డం రుద్దుకుంటున్న ఆ మనిషిని చూసి లోపలికి పోయి కొంగు నోట్లో కుక్కుకుంది. ఇలాంటివాడికి ఇన్నేళ్ళు వండిపెట్టానా అనుకుంది. అప్పట్నుంచి రోజూ అన్నం వడ్డిస్తూ ఆ నవ్వునే ఆవకాయలా నంజుకు తింది. రేకులు తుప్పు పట్టిపోయి, యార్డువాళ్ళు నలుగురిలో నవ్వే రోజు కోసం చూసింది. ఇంత చిన్న మనసు నాకెక్కణ్ణుంచి వచ్చిందని అప్పుడప్పుడూ అనిపించేది. అనిపించినా చూడటం మానలేదు.

రేకులు తుప్పు పట్టలేదు. అదొక్కటే ఆమె అనుకోనిది.

*

పదింటికి కూతురు కొట్టుకి వచ్చింది. బల్ల మీద కూర్చుని బ్యాగులోంచి కాగితం పొట్లం తీసింది. లోపల తుప్పు పట్టని రేకుల్లో ఒకటి. అరచేతిలో పట్టేంత. మధ్యలో నంబరు గుద్దిన ముద్ర.

"రంగు చూడమ్మా."

"నల్లగా ఉంది."

"తడిగుడ్డతో తుడిస్తే గుడ్డకి సిరాలా అంటింది. తుప్పు ఆపింది కలబందైతే ఇలా నల్లబడకూడదు." ఆ మాటంటూనే ఆమె చూపు తల్లి చేతి మీద ఆగింది. పిన్ని వడగుడ్డ పిండి, పిప్పిని బకెట్టులోకి దులుపుతోంది. "అమ్మా, నీ వేళ్ళేంటి?"

"ఏమయ్యాయి?"

"ఆ నలుపు."

"ఇనప బకెట్టు కదే. పిప్పి తగిలితే అంటుతుంది. ఇరవై ఏళ్ళ నుంచీ ఇంతే. ఎంత తోమినా పోదు."

కూతురు లేచొచ్చి బకెట్టు వంచింది. అడుగున ఇంత పిప్పి ఉంది. గోడలు నల్లగా, నున్నగా ఉన్నాయి.

"ఇది కొని ఎన్నాళ్ళైంది?"

"నువ్వు రెండో క్లాసులో ఉండగా."

"ఆ నీళ్ళ బకెట్టు?"

"అదా? అది ఏటా మార్చాల్సిందే. అడుగు ఊడిపోతుంది. సముద్రం పక్కన ఉత్త నీళ్ళ బకెట్టు ఎన్నాళ్ళుంటుంది?"

అంటుండగానే పిన్నికి తన మాట తనకే వినబడింది. నీళ్ళ బకెట్టు వైపు చూసింది. పిప్పి బకెట్టు వైపు చూసింది. వడగుడ్డ చేతిలోనే ఉండిపోయింది.

"తేయాకులో వగరుంటుందమ్మా," అంది కూతురు, మెల్లగా, చిన్నపిల్లకి చెప్తున్నట్టు. "ఆ వగరు ఇనుముని పట్టుకుని నల్లటి పొర కడుతుంది. ఉప్పునీళ్ళని లోపలికి అంత తేలిగ్గా రానివ్వదు. మేం చదువుకున్నాం. నాకు తట్టలేదు. నాన్నకీ తట్టలేదు. ఇరవై ఏళ్ళు రోజుకి ఆరు గ్లాసులు తాగాడు, బకెట్టులోకి తొంగిచూడలేదు. నువ్వు డ్రమ్ములో టీ పోశావు కదూ?"

పిన్ని చెప్పింది. కంపు గురించి, కాలవ గురించి, రంగు గురించి చెప్పింది. నవ్వు గురించి మాత్రం చెప్పలేకపోయింది.

అంతా విని కూతురు నవ్వుతుందనుకుంది. నవ్వలేదు.

"పాడు చేద్దామని చేశావా?"

"కంపు కొట్టి చేశాను."

"కంపు కొడితే నాన్నకి చెప్పొచ్చుగా. రంగు కలిపి దాచడం ఎందుకు? మీ ఇద్దరికీ ఒకళ్ళంటే ఒకళ్ళకి ఎంత లోకువో తెలుసామ్మా? నిజం చెప్పేంత విలువ కూడా ఇచ్చుకోరు. ఆయన నిన్ను టీ అమ్మే మనిషనుకుంటాడు. నువ్వు ఆయన్ని పిచ్చివాడనుకుంటావు. మధ్యలో సంతకం నేను పెట్టాలి."

పిన్ని వడగుడ్డ పక్కన పడేసింది. ఎవరో వచ్చి టీ అడిగితే ఇచ్చింది.

"ఆ కలబంద ట్యాంకులో పోస్తే పదిరోజుల్లో కుళ్ళుతుంది. లోపల గోడల్ని తుప్పు తినేస్తుంది. ఆ పడవ మీద ఆరుగురుంటారు," అంది కూతురు. "నా పేరు చూసి నమ్మి ఎక్కుతారు వాళ్ళు. నేను పదకొండింటికి నిజం చెప్పేస్తాను. కానీ నేను చెప్తే నాన్న మళ్ళీ తలెత్తుకోలేడు. నువ్వు చెప్తే ఇంట్లో మాటగా పోతుందేమో. నీ ఇష్టం."

పొద్దున తండ్రి అన్నదీ ఆ మాటే. నీ ఇష్టం. ఈ ఇంట్లో ఇష్టాలన్నీ ఇలాగే పంచుతారని పిన్ని అనుకుంది.

బకెట్టు పైకెత్తి జరపబోయి ఆగింది. తేలిగ్గా ఉంది. వారం నుంచీ ఇంతే. రాత్రి నిండుగా వదిలి వెళ్ళిన పిప్పి పొద్దునకి ఉండటం లేదు. ఆడపడుచు గులాబీ కుండీలకి ఎరువేసుకుంటోందని, చెప్పకుండా తీసుకెళ్ళడం ఆవిడ అలవాటేనని మొన్న ఇంట్లో దులిపేసింది కూడా. "నీ చెత్త నాకెందుకే మరదలా," అని ఆవిడ ఒట్టేసింది. ఆవిడ ఒట్లు ఎవరు నమ్ముతారు?

*

రేవు మీదికి టీ తెమ్మని సూపరింటెండెంటు కబురు పెట్టారు. కెటిలూ, గ్లాసుల ట్రే పట్టుకుని పిన్ని వెళ్ళేసరికి పదకొండు కావస్తోంది.

టగ్గు పడవ కట్టేసి ఉంది. ట్యాంకు మూత తీసి ఉంది. గట్టు మీద మేస్త్రీ డ్రమ్ములు రెండూ, వాటి పక్కన ఒక కుర్చీ. ఈసారి కూడా కుర్చీ వేశారు. మోకాలి నొప్పితో నిలబడలేకపోతున్నా మేస్త్రీ అందులో కూర్చోలేదు. దాని వీపు పట్టుకుని నిలబడ్డాడు.

"రా పిన్నీ, రా!" అన్నారు సూపరింటెండెంటు. "మీ ఆయన మా యార్డుకి మందు కనిపెట్టాడు. మేమంతా నవ్వినవాళ్ళమే. పొరపాటు ఒప్పుకుంటున్నాం. ఏమ్మా ల్యాబూ, కాగితం తెచ్చావా?"

"తెచ్చాను సార్," అంది కూతురు. కాగితం ఇవ్వలేదు. తల్లి వైపు చూసింది.

"ముందు అందరికీ టీ పొయ్యవే," అన్నాడు మేస్త్రీ. "ఇక్కడ నిలబడి వినడానికి నీకర్థమయ్యేదేం లేదు. పోసేసి వెళ్ళు."

పిన్నికి చర్రున మండింది. సరే, ఇప్పుడే అనుకుంది. ఇందరి ముందే. ట్రే కింద పెట్టి డ్రమ్ము దగ్గరికి నడిచింది. "ఏంటీ మందు, నేనూ ఒకసారి చూస్తాను," అంటూ మూత లాగింది.

పైన కలబంద ముక్కలు నాలుగు తేలుతున్నాయి. అవి అలంకారానికి వేసినట్టున్నాయి. కింద నీళ్ళు చిక్కగా, నల్లగా ఉన్నాయి. ఆవిరిలా వాసన మొహానికి కొట్టింది.

ఆ వాసన ఏమిటో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇరవై ఏళ్ళుగా ఆమె జుట్టులో, చీరలో, దిండులో ఉన్న వాసన.

టీ.

ఉత్త టీ. ఒక వారం బకెట్ల టీ.

పిన్ని డ్రమ్ము అంచు పట్టుకుంది. గేటు దగ్గర ఎండకి మెత్తబడుతున్న కలబంద గుట్ట గుర్తొచ్చింది. కాచేవాడైతే అది తరగాలిగా! వారం రోజులు షెడ్డు గడియ వేసుకుని, రహస్యం, ఎవరూ రావద్దు అన్న మనిషి గుర్తొచ్చాడు. ఆ రోజు డ్రమ్ము మీదికి వంగి గట్టిగా ఊపిరి పీల్చడం, తలెత్తి ఒక్క క్షణం తన వైపు చూడటం గుర్తొచ్చింది. రోజుకి ఆరు గ్లాసులు తాగే మనిషికి ఆ వాసన తెలీదనుకుంది తను!

ఆ రోజే తెలుసు. రెండు నెలలుగా తెలుసు. తను కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతుంటే, అటువైపు ఆ మనిషీ, ఈ టీ అమ్మేదానికి ఏం తెలుస్తుందిలే అని నవ్వుకున్నాడు. కన్నకూతురి చేత అబద్ధానికి సంతకం పెట్టించబోయాడు. కలబంద ముక్కలు పైన తేల్చి మరీ.

తలెత్తింది. మేస్త్రీ ఆమెనే చూస్తున్నాడు. ఆ కళ్ళలో ఎప్పుడూ ఉండే చులకన లేదు. కుర్చీ వీపు పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి. పెదవులు కదిలాయి కానీ "ఏమే" అని రాలేదు. ఆయనకి ఇంకో పిలుపు తెలిస్తే బహుశా ఆ క్షణంలో పిలిచేవాడు.

ఎంత అసహ్యం వేసిందో, అంత జాలీ వేసింది పిన్నికి. రెండూ కలిసి వస్తాయని ఆమెకి అంతవరకూ తెలీదు.

"ఏమైంది పిన్నీ?" అన్నారు సూపరింటెండెంటు. "కంపు కొడుతోందా?"

"లేదయ్యగారూ. మంచి వాసనే."

ట్రేలోంచి ఖాళీ గ్లాసు తీసింది. డ్రమ్ములో ముంచింది. తేలుతున్న కలబంద ముక్కని వేలితో పక్కకి నెట్టి, నల్లటి నీళ్ళు గ్లాసు నిండా పట్టింది. రోజూ ఎలా తుడుస్తుందో అలాగే గ్లాసు అడుగు కొంగుతో తుడిచి, మొగుడి ముందుకి చాచింది.

"మీరే చెప్పండి," అంది, ఆయనకొక్కడికే వినబడేట్టు. "నేను చెప్తే బాగోదు. ఇదేంటో మీ నోటితోనే చెప్పండి. చెప్తే ఆ కుర్చీలో కూర్చోండి."

మేస్త్రీ గ్లాసు వంక చూశాడు. కూతురి వంక చూశాడు. కూతురు మూత తీసిన కలం పట్టుకుని, కాగితం బ్యాగు మీద ఆనించి, కదలకుండా నిలబడి ఉంది.

"అదేంటి పిన్నీ, మీ ఆయనకేనా?" ట్యాంకులోకి తొంగిచూసి అప్పుడే ఇటు తిరిగిన సూపరింటెండెంటు, అది కెటిల్లో టీ అనుకుని, నవ్వుతూ ముందుకొచ్చారు. "రోజూ నీ టీ తాగే నాకు ముందు ఇవ్వాలా వద్దా?"

గ్లాసు మీదికి ఒకేసారి రెండు చేతులు వచ్చాయి.